స్వదేశీ నౌకలను బలిపెట్టిందెవరు?

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి పత్తిని తూత్తుకుడి రేవుకు చేర్చే రైలుమార్గం 1876లోనే వచ్చింది. రేవు దాటి కొలంబోకు సాగే రవాణా మాత్రం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి దఖలు పడిన గుత్తసొత్తుగానే మిగిలింది. ఒట్టపిడారంలో పుట్టిన ప్లీడరు వి.ఓ. చిదంబరం పిళ్లై 1906 అక్టోబరులో స్వదేశీ నౌకా సంస్థను నెలకొల్పి ఆ గుత్తాధిపత్యాన్ని ధిక్కరించారు. 10 లక్షల రూపాయల మూలధనం, 25 రూపాయల వాటా. అద్దెకిచ్చిన ఓడను యజమాని తెల్లదొరల ఒత్తిడికి లొంగి వెనక్కు తీసుకుంటే, ఆయన బొంబాయి వెళ్లి 'గాలియా'ను సంపాదించారు. ఆ వెనుకే ఫ్రాన్సు నుంచి 'లావో' వచ్చింది.

స్వేచ్ఛా వాణిజ్యమే తమ నాగరికతకు మూలసూత్రమని లోకానికి ఉపదేశించే పాలకులు అప్పుడేం చేశారు? బ్రిటిష్ కంపెనీ టికెట్టును రూపాయికి దించింది. స్వదేశీ సంస్థ అర్ధరూపాయికే ఎక్కించుకుంది. చివరకు ఉచిత ప్రయాణం, పైగా ఒక గొడుగు బహుమానం! గొడుగులకూ జనం లొంగకపోతే ఏంచేయాలో ప్రభుత్వానికి తెలుసు. 1908 మార్చి 12న చిదంబరం పిళ్లైని నిర్బంధించారు. మర్నాడు తిరునెల్వేలిలో జనం తిరగబడితే తుపాకులు పేలి నలుగురు నేలకొరిగారు. జూలైలో న్యాయమూర్తి పిన్హే ఆయనకు రెండు యావజ్జీవ శిక్షలు విధించారు. అప్పీలులో శిక్ష తగ్గింది గాని, వకీలు చేత చెరసాలలో గానుగ లాగించిన అమానుషత్వం తగ్గలేదు.

పరపాలకుల దౌర్జన్యాన్ని ఎండగట్టి ఊరుకుంటే సగం న్యాయమే చేసినవాళ్లమవుతాం. సారథి కారాగారంలో మగ్గుతుండగా, సంస్థ పగ్గాలు చేతిలో ఉన్న పెద్దలు దానిని నిలబెట్టలేకపోయారు. 1911లో సంస్థ మూతపడింది; గాలియా పోటీదారుకే అమ్ముడుపోయింది. ఎవరి గుత్తాధిపత్యాన్ని కూల్చడానికి సామాన్యుడు పాతిక రూపాయలు వెచ్చించాడో, వారికే ఆ నౌకను అప్పగించడం వాటాదారుకు చేసిన ద్రోహం. నష్టాలు తాళలేకపోయామన్నది కారణం కావచ్చు, సమర్థన కాజాలదు.

1912లో విడుదలైన నాయకుడికి ఈ సమాజం ఇచ్చిన స్వాగతమెంత? రద్దయిన ఆయన ప్లీడరు పట్టాను తిరిగి ఇప్పించినవాడు వాలెస్ అనే ఆంగ్లేయ న్యాయాధికారి. నౌకలను నడిపిన మనిషి కోవిల్‌పట్టి కోర్టులో వకాల్తాలు పట్టి పొట్టపోసుకుని, 1936 నవంబరు 18న తూత్తుకుడిలో కన్నుమూశారు. ఆ రేవుకు ఆయన పేరు పెట్టింది 2011లో.

తెల్లవారు ఆయనను శిక్షించారు. మనవారు ఆయన్ని ఒంటరిని చేశారు. ఈ రెండో నేరానికి పరాయి పాలనను సాకుగా చూపే హక్కు మనకు లేదు.