జబ్బు దాస్తే చదువు నిలుస్తుందా?

మనవాళ్ళ ఇళ్ళలో మాకు తరచు వినబడే మాట ఒకటి వుంది: "డాక్టరుగారూ, ఈ సంగతి బడిలో తెలియనక్కర్లేదు కదా!" పిల్లవాడికి మూర్ఛ కావచ్చు, షుగరు కావచ్చు, ఉబ్బసం కావచ్చు. పొద్దున మందు వేసి బస్సెక్కిస్తారు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ పసివాడు తన జబ్బును తానొక్కడే మోసుకుంటూ క్లాసులో కూర్చుంటాడు. ఈ దాపరికం పిల్లలకు మేలు చెయ్యదు సరిగదా, కీడు చేస్తున్నదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మూర్ఛల్లో ఒక రకం వుంది. పడిపోవడం, కొట్టుకోవడం ఏమీ వుండవు. కొన్ని సెకండ్లపాటు చూపు నిలిచిపోతుంది, అంతే. రోజుకు పదులసార్లు రావచ్చు. వచ్చినప్పుడల్లా పాఠంలో ఒక ముక్క జారిపోతుంది. టీచరు "పరధ్యానం" అని రిపోర్టులో రాస్తుంది. తండ్రి "శ్రద్ధ లేదు" అని చీవాట్లు పెడతాడు. అలాగే రక్తంలో చక్కెర పడిపోయిన పిల్లకు వచ్చిన లెక్క కూడా కుదరదు. మూర్ఛకు వాడే మందుల్లో కొన్ని మగత కలిగిస్తాయి. రాత్రంతా దగ్గిన పిల్లవాడు పొద్దున నిద్రకు తూలుతాడు.

"చెబితే ముద్ర పడుతుందండీ" అంటారు. అయ్యా, ముద్ర ఎప్పుడో పడింది! జబ్బు పేరు చెప్పకపోతే "సోమరి" అన్న పేరు వస్తుంది. ఈ రెండింటిలో ఏది నయమో మీరే చెప్పండి.

అసలు భయం పెళ్ళిదని మాకు తెలుసు. ఆ భయానికి ఒకప్పుడు చట్టమే ఊతమిచ్చింది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్ళికి అడ్డుగా 1976 సవరణలో చేర్చారు. ఆ మాటను 1999లో తీసేశారు. దేశం వదిలిపెట్టిన దాన్ని మనం ఇంతదూరం మోసుకొచ్చి ఇంకా దించకపోవడం ఏం న్యాయం?

ఇక్కడి సంగతి చూద్దాం. కెనడాలో చదువు రాష్ట్రాల చేతిలో వుంది. ఆంటారియో శాసనసభ 1980లో 82వ బిల్లు ద్వారా ప్రత్యేక విద్యను స్కూలు బోర్డుల బాధ్యత చేసింది. తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే ప్రిన్సిపాలు ఆ పిల్లవాడి విషయాన్ని ఐ.పి.ఆర్.సి. అనే సంఘానికి పంపి తీరాలి. అడిగిన 15 రోజుల్లోగా, ఆ సంఘం సుమారుగా ఎప్పుడు కూర్చుంటుందో రాసి తెలపాలి. ఆ సమావేశంలో మనం కూర్చోవచ్చు, మన తరఫున మాట్లాడేందుకు మరొకర్ని తీసుకెళ్ళవచ్చు. నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. ఇది హక్కు. ఒకరి దయ కాదు.

అయితే బడుల తప్పు లేదని మేము అనటంలేదు. ఆంటారియోలో 2018 సెప్టెంబరు నుంచి ప్రాణాంతకమైన ఎలర్జీ, ఉబ్బసం, షుగరు, మూర్ఛ వున్న పిల్లలకు రక్షణ పథకం రాయాలన్న నియమం వుంది. మంచిదే. కాని అది ప్రాణం కాపాడే కాగితం, చదువు కాపాడే కాగితం కాదు. ఇన్సులిన్ ఎక్కడ వుందో అందులో వుంటుంది. పరీక్షలో అదనపు సమయం కావాలా, తప్పిపోయిన పాఠాలు ఎవరు చెబుతారు అన్న ప్రశ్నలకు వేరే పరిశీలన, వేరే ప్రణాళిక కావాలి. మొదటిది చేతికిచ్చి రెండోది అడగబోతే, "మార్కులు బాగానే వున్నాయిగా" అని పంపించేస్తారు. ఆ మార్కుల వెనుక అర్ధరాత్రి దాకా తల్లి కూర్చుని చెప్పిన పాఠాలు ఎవరికీ కనబడవు. బ్రిటిష్ కొలంబియాలో డిస్లెక్సియా వున్న జెఫ్రీ మూర్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఏమన్నది? ప్రత్యేక విద్య విలాసం కాదని, చదువు అందుకోవడానికి వేసిన దారి అని. ఆ మాట ప్రతి ప్రిన్సిపాలుకూ గుర్తుచెయ్యాలి.

మా వైద్యుల తప్పూ వుంది. "ఈ బాలునికి మూర్ఛ కలదు, సహకరించగలరు" అని ఒక్క వాక్యం గిలికి సంతకం పెడతాం. జబ్బు పేరు చూసి టీచరు ఏం చెయ్యగలదు? నెలకు ఎన్ని రోజులు బడి మానుతున్నాడు, మందు వేసిన ఎన్ని గంటలదాకా మగత వుంటుంది, ఎంతసేపు రాయగలడు, ఈ వివరాలు రాయాలి. జబ్బు సంగతి వైద్యుడు చెప్పాలి, చదువు సంగతి టీచరు చెప్పాలి, పిల్లవాడి సంగతి తల్లిదండ్రులు చెప్పాలి. ముగ్గురూ ఒకచోట కూర్చోకపోతే అది పరిశీలనే కాదు.

మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు, టీచర్లూ వున్నారు. సంక్రాంతి విందుకు వందమందికి పులిహోర కలపగలిగిన మనం, ఒక తల్లికి తోడుగా ఆ సమావేశానికి వెళ్ళలేమా? ఈ వారమే ఆ ఉత్తరం రాయండి. రాయడం రాకపోతే మమ్మల్ని పిలవండి, కూర్చుని రాద్దాం. పిల్లవాడు మాత్రం ఇక ఒంటరిగా మొయ్యకూడదు.