పాట ఎవరిది? ఆ గడి ఖాళీగా ఎందుకుంది?

స్టార్టప్ మీటప్పుల్లో "నిపుణుల అభిప్రాయం" అని ఒక తంతు ఉంటుంది. కుర్రాళ్ళు ఐదు నిముషాలు డెమో ఇస్తారు, ముందు వరసలో కూర్చున్న ముగ్గురు నలుగురు పెద్దలు పది నిముషాలు సలహాలిస్తారు. ఈమధ్య హైదరాబాదులో అలాంటి దానికి వెళ్ళాను. పేర్లెందుకు గానీ, వచ్చిన వాటిల్లో ఒకటి పాటల యాప్. తెలంగాణ పల్లె పాటలన్నీ ఒకచోట పెడతారట. ఆలోచన నాకు భలే నచ్చింది. సలహాలే నచ్చలేదు.

రంగులు మార్చమన్నారొకరు. సైనప్ లో రెండు స్క్రీన్లు తగ్గించమన్నారు ఇంకొకరు. ఒక్కో యూజర్ని తెచ్చుకోవడానికి ఎంత ఖర్చవుతోందని మూడో ఆయన అడిగారు. అన్నీ పనికొచ్చేవే, కాదనను. కానీ చివర్లో ఒకాయన "జానపదాలకి కాపీరైటు గొడవ లేదు కదా, కంటెంటు ఫ్రీ, అదే మీ బలం" అన్నారు. హాల్లో చాలామంది తలూపారు. నా గొడవంతా ఆ తలూపడం గురించే.

ముందు వ్యాపారం సంగతే చూద్దాం. మన దేశంలో పాటల స్టార్టప్పులకి దెబ్బ తగిలేది రంగుల దగ్గర కాదు, హక్కుల దగ్గర. 2007లో మొదలైన ధింగానా గుర్తుందా? పేరున్న సైటే. టీ-సిరీస్ లైసెన్సు పొడిగించకపోయేసరికి 2014 ఫిబ్రవరిలో మూతపడింది. దాన్ని కొనుక్కున్న ఆర్డియో కూడా 2015 నవంబరులో దివాలా తీసింది. రేడియో వాళ్ళయితే చట్టం ప్రకారం నిర్ణయించిన రేటు కట్టి పాట వేసుకోవచ్చు. ఆ సౌకర్యం ఇంటర్నెట్ స్ట్రీమింగుకి వర్తించదని టిప్స్, వింక్ కేసులో బొంబాయి హైకోర్టు 2019లో తేల్చేసింది. అంటే యాప్ వాళ్ళు ఒక్కో కంపెనీ గడప తొక్కి బేరమాడుకోవాల్సిందే. ఇది చెప్పని నిపుణుడు ఇంకేం చెప్పినా ఏం లాభం?

ఇక జానపదం. పాట కట్టిందెవరో తెలియకపోవచ్చు. పాడిన మనిషి తెలుసు కదా! మన కాపీరైటు చట్టంలో పాడినవాళ్ళకి 50 ఏళ్ళ హక్కుంది, రికార్డింగుకి 60 ఏళ్ళు. పాడింది ఫలానావాళ్ళని చెప్పించుకునే హక్కు కూడా 2012 సవరణలో వచ్చింది. కాబట్టి "ఫ్రీ" అనేది చట్టం మాట కాదు, మన అలవాటు.

మాది మొగుడంపల్లి, జహీరాబాద్ పక్కన, కర్ణాటక సరిహద్దులో. ఈ సంగతి నాకెందుకింత పట్టిందంటే, మా జహీరాబాద్ ప్రాంతంలోనే ఝరాసంగం మండలం మాచునూరులో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. అసలు స్టార్టప్పంటే నా దృష్టిలో అదీ! యునెస్కో సాయంతో 1998 కల్లా స్టూడియో సిద్ధం. లైసెన్సు లేదు. ఊరుకున్నారా? కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. పదేళ్ళు అలాగే గడిపి, 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద గాల్లోకి వచ్చారు. స్టేషన్ నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. అక్కడ ఆడవాళ్ళు చేలో పాడే పాట "కంటెంటు" కాదు, ఫలానా ఊరి ఫలానామె పాట.

అదే పాట యాప్ లోకి ఎక్కితే ఏమవుతుంది? ఆర్టిస్టు అన్నచోట "అన్‌నోన్". ఇంజనీరుగా ఇది నాకు మరీ మంట. ఎంపీ3 ఫైల్లో ఐడీ3 ట్యాగులని ఉంటాయి కదా, వాటిలో పాడినవాళ్ళకి, రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి వేరువేరు గడులున్నాయి. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, నింపాలి, అంతే. నింపకపోతే రేపు డబ్బులొచ్చినా ఎవరికివ్వాలో తెలియదు. పేరు లేని మనిషికి వాటా ఉండదు, అదన్నమాట.

"చిన్న కంపెనీ, నలుగురు కుర్రాళ్ళు, ఇవన్నీ మొదటిరోజే ఎలా?" అంటారు. నిజమే. కానీ లక్ష పాటలెక్కాక వెనక్కెళ్ళి పేర్లు వెతకడం కంటే వంద పాటలప్పుడు పాడినామెని పేరడిగి రాసుకోవడం చవక. డేటాబేసు పని చేసిన ఎవర్నడిగినా ఇదే చెప్తారు.

మీటప్పులు పెట్టేవాళ్ళకి నా విన్నపం ఒక్కటే. పాటల యాప్ వచ్చిన రోజు ఆ ముందు వరసలో ఒక కుర్చీ పాట పాడేవాళ్ళకి వెయ్యండి. రంగు సంగతి తర్వాత, "నా పేరెక్కడ?" అని ముందు అడిగేది వాళ్ళే. దానికి జవాబు చెప్పగలిగిన స్టార్టప్పుకి మిగతా సలహాలు ఎలాగూ దొరుకుతాయి. మీరేమంటారు?