ప్రతి డ్రోన్‌కూ నిమ్మకాయలు తొక్కించక్కర్లేదు

కొత్త కారు కొన్నాక నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మన దగ్గర ఆనవాయితీ. ఇంట్లోనో హాస్టల్ గదిలోనో సొంతంగా డ్రోన్ కట్టుకునేవాళ్లకూ అలాంటిదొకటి ఉంది. నాలుగు మోటార్లు, వాటిని నడిపే నాలుగు ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్లు, అంటే ఈఎస్‌సీలు బిగించగానే ‘ముందు కాలిబ్రేట్ చెయ్’ అంటారు సీనియర్లు. డ్రోన్ ఒక పక్కకు లాగుతోందా, కాలిబ్రేట్ చెయ్. ఒక మోటారు ఆలస్యంగా లేస్తోందా, కాలిబ్రేట్ చెయ్. గాల్లో వణుకుతోందా, మళ్లీ చెయ్. హైదరాబాద్‌లో జలుబుకీ తలనొప్పికీ పంటినొప్పికీ ఒకే జిందా తిలిస్మాత్ సీసా తీసినట్టు, డ్రోన్‌కు ఏ జబ్బు చేసినా ఇదే మందు.

నిమ్మకాయలు తొక్కిస్తే పోయేవి నిమ్మకాయలే. ఈ మందు సంగతి అలా కాదు. ఇప్పుడు కడుతున్న డ్రోన్లలో చాలావాటికి దీంతో పనే లేదు. పని ఉన్నచోట చాలామంది తప్పుగా చేస్తారు. అసలు జబ్బును కనపడకుండా దాచేయడం అన్నిటికంటే పెద్ద నష్టం.

ఏ ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టు గదిలోకి తొంగిచూసినా కనిపించే దృశ్యం ఒకటుంది. బల్ల మీద ఎరుపు, తెలుపు చేతుల ఎఫ్450 ఫ్రేము. దానికి ఏ2212 మోటార్లు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు, ఏపీఎం 2.8 బోర్డు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న సరుకు కొంత, ఆన్‌లైన్‌లో తెప్పించింది కొంత. మూడో మోటారు తిరగనంటోంది. గిర్రుమని అటో ఇటో నాలుగు వణుకులు వణికి ఆగిపోతోంది. ఒకడు రిమోట్‌లో థ్రాటిల్ పైకి నెట్టి పట్టుకుంటాడు, ఇంకొకడు పసుపు రంగు కనెక్టర్ నొక్కి బ్యాటరీ తగిలిస్తాడు. బీప్ బీప్. బ్యాటరీ పీకి మళ్లీ పెడతారు. థ్రాటిల్ కిందికి. పొడవాటి బీప్. మోటారు తిరిగింది! గదంతా ఈలలు. సాయంత్రం గ్రౌండ్‌లో డ్రోన్ మనిషెత్తు లేస్తుంది, మూడో చేయి వంగుతుంది, మట్టిలో పడుతుంది. ‘కాలిబ్రేషన్ సరిగ్గా కాలేదురా, మళ్లీ చేద్దాం’ అంటాడు ఒకడు.

మళ్లీ చేయడం కంటే ముందు, అసలు ఈ కాలిబ్రేషన్ ఏం చేస్తుందో చూడాలి.

పాత పద్ధతిలో, అంటే పీడబ్ల్యూఎంలో, డ్రోన్‌ను నడిపించే బోర్డు, అంటే ఫ్లైట్ కంట్రోలర్, ఈఎస్‌సీకి అంకె చెప్పదు, పొడవు చూపిస్తుంది. సిగ్నల్ తీగలో వోల్టేజీ 1,000 మైక్రోసెకన్లు నిలబడితే ‘ఆగు’ అని, 2,000 నిలబడితే ‘పూర్తి వేగం’ అని అర్థం. 1,500 అయితే మధ్యస్తం. రిమోట్ విమానాల్లో సర్వోలను తిప్పడానికి పుట్టిన పద్ధతి ఇది. ఆ పొడవును కొలిచేది ఈఎస్‌సీ చిప్‌లోని గడియారం. చవక చిప్‌ల గడియారాలు ఒకదానితో ఒకటి ఒకటి రెండు శాతం తేడాగా నడవడం మామూలే. పూలు మూరల్లెక్కన కొన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అమ్మే ఆమె చేయి పొట్టి, కొనే ఆమె చేయి పొడుగు. ఇద్దరూ మూర అనే అంటారు, దండ మాత్రం తేడా వస్తుంది. కాలిబ్రేషన్ అంటే ఈ మూరలు కలుపుకోవడం. ‘ఇదిగో నా పెద్ద కొలత, ఇదిగో చిన్న కొలత, గుర్తుపెట్టుకో’ అని ఈఎస్‌సీకి చూపించడం. అంతే. అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు.

2017 నాటికి, ఫ్లైట్ కంట్రోలర్లో బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల చేతికి డీషాట్ అనే కొత్త సిగ్నల్ పద్ధతి వచ్చింది. ఇందులో మూర లేదు, పూలు లెక్కపెట్టి ఇవ్వడమే. ఫ్లైట్ కంట్రోలర్ పంపే ప్రతి సందేశంలో 16 బిట్లు. 11 బిట్లు వేగం చెబుతాయి, ఒకటి ‘నీ సమాచారం పంపు’ అని అడగడానికి, మిగిలిన నాలుగు సందేశం చెడిపోకుండా వచ్చిందో లేదో సరిచూసుకోవడానికి. 0 నుంచి 47 వరకు అంకెలు ఆపడానికి, ఇతర ఆజ్ఞలకు. 48 నుంచి 2047 వరకు వేగానికి, అంటే సరిగ్గా 2,000 మెట్లు. ఇక్కడా ఒకటికీ సున్నాకీ తేడా పొడవులోనే ఉంది. కానీ ఒకటి పొడవు సున్నాకు రెట్టింపు. గడియారం రెండు శాతం తప్పినంత మాత్రాన ఒకటి సున్నా అయిపోదు. 1,200 అని పంపితే నాలుగు ఈఎస్‌సీలూ 1,200 అనే చదువుతాయి. కలపడానికి కొలతే లేనప్పుడు కాలిబ్రేట్ చేసేదేమిటి? డీషాట్ పెట్టుకున్న ఫైవ్ ఇంచ్ రేసింగ్ డ్రోన్ ముందు కూర్చుని అరగంట థ్రాటిల్ పైకీ కిందికీ ఆడించేవాళ్లు, చేతికి డిజిటల్ వాచీ పెట్టుకుని దానికి కీ ఇస్తున్నట్టే.

‘అయినా నాలుగు మోటార్లూ ఒకే వేగంతో తిరగాలి కదా’ అనేది ఇంకో వాదన. వినడానికి ఎంత సబబుగా ఉందో అంత తప్పు. గాల్లో ఉన్న డ్రోన్‌కు నాలుగు మోటార్లూ సరిగ్గా ఒకే వేగంతో తిరిగే క్షణం దాదాపు ఉండదు. కుడివైపుకు ముఖం తిప్పాలంటే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు మోటార్లు వేగం పెంచాలి, మిగతా రెండూ తగ్గించాలి. బ్యాటరీని బొటనవేలంత వెనక్కి కట్టినా వెనక మోటార్లు ఎక్కువ లాగాలి. గాలి వీస్తే లెక్క మళ్లీ మారుతుంది. పిక్స్‌హాక్ బోర్డు మీద నడిచే ఆర్డూకాప్టర్ సాఫ్ట్‌వేర్ సెకనుకు 400 సార్లు ఈ లెక్క సవరిస్తుంది. బీటాఫ్లైట్ అయితే వేల సార్లు. ఈఎస్‌సీల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా ఆ సవరింపులో కలిసిపోతుంది. ఒక పక్కకు లాగడానికి కారణం చాలాసార్లు సమంగా లేని బల్ల మీద చేసిన యాక్సిలరోమీటర్ సెట్టింగో, వంగిన మోటారు కడ్డీయో, పట్టు జారిన ప్రొపెల్లర్ బిగింపో. ఈ ఏ2212 మోటార్ల బిగింపు కాలెట్ల సంగతి వాడినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మోటారు కూత బాగానే వినిపిస్తుంది, రెక్క మాత్రం జారుతూ తిరుగుతుంది.

మరి ప్రాజెక్టు గదిలో మోటారు నిజంగానే తిరిగింది కదా? తిరిగింది. అందుకు కారణం కాలిబ్రేషన్ కాదు, ఆ హడావుడిలో జరిగిన మిగతా పనులు. బ్యాటరీ పీకి పెట్టారు, ఫ్రేమును చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు, తీగలు కదిలాయి. తెగీ తెగకుండా ఉన్న అతుకు కాసేపు అంటుకుంది. పక్కకు లాగే డ్రోన్‌కూ ఇలాగే జరుగుతుంది. బోర్డు కదలకుండా బల్ల మీద మళ్లీ ఆన్ అయింది కాబట్టి గైరో తన సున్నాను కొత్తగా పట్టుకుంటుంది, పేరు మాత్రం కాలిబ్రేషన్‌కు వస్తుంది. అమావాస్య వెళ్లాక తగ్గిన జ్వరానికి తాయెత్తు పేరు చెప్పినట్టు.

బ్రష్‌లెస్ మోటారుకు మూడు తీగలు. వాటిలో ఒకటి తెగితే మోటారు తిరగదు, సరిగ్గా ఆ గదిలో మాదిరే వణుకుతుంది. దీన్ని పట్టుకోవడానికి పాత టీవీ మెకానిక్ తెలివి చాలు. మూడో మోటారును నాలుగో ఈఎస్‌సీకీ, నాలుగో మోటారును మూడో ఈఎస్‌సీకీ తగిలించాలి. వణుకు మోటారుతో పాటు వెళ్లిందా, మోటారుదే తప్పు. మూడో ఈఎస్‌సీ దగ్గరే ఉండిపోయిందా, ఈఎస్‌సీదో అతుకుదో. తీగ మీద నల్లటి గొట్టం కోసి చూస్తే బులెట్ కనెక్టర్ దగ్గర సోల్డర్ మెరుపు లేకుండా, గరుకుగా, ముద్దగా కనిపిస్తుంది. డ్రై సోల్డర్. ఐరన్ వేడెక్కడానికి రెండు నిమిషాలు, అతుకు కరిగి మళ్లీ గట్టిపడటానికి పది సెకన్లు. ఆ డ్రోన్ రెండుసార్లు మట్టిలో పడ్డాక గానీ ఎవరూ ఐరన్ తీయకపోవడం ‘కాలిబ్రేట్ చెయ్’ సలహా పుణ్యమే.

‘చేస్తే పోయేదేముంది’ అనేవాళ్లకు ఇంకో రెండు మాటలు. పీడబ్ల్యూఎం డ్రోన్లకు కాలిబ్రేషన్ కావాలి, అందులో వివాదం లేదు. వన్‌షాట్, మల్టీషాట్ కూడా పొడవు చూపించే పద్ధతులే కాబట్టి వాటికీ కావాలి. కానీ చాలామంది ఒక్కో ఈఎస్‌సీని తీసి నేరుగా రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు తగిలించి కాలిబ్రేట్ చేస్తారు. రిమోట్ 1,100 నుంచి 1,900 వరకే పంపేదైతే ఈఎస్‌సీ ఆ కొలతే నేర్చుకుంటుంది. రేపు గాల్లో దానితో మాట్లాడేది ఫ్లైట్ కంట్రోలర్, దాని కొలత 1,000 నుంచి 2,000. నెమ్మదిగా తిరుగుతూ ఉండమని అది 1,070 పంపితే ఈఎస్‌సీకి ‘ఆగు’ అని వినిపిస్తుంది. దిగేటప్పుడు మోటారు ఆగిపోతుంది. పైన 1,900 దాటాక ఎంత అడిగినా పలకదు. ఒకామె మూర నేర్చుకుని ఇంకొకామె దగ్గర పూలు కొన్నట్టు. డీజేఐ ఆప్టో ఈఎస్‌సీల లాంటివైతే అసలు కాలిబ్రేషన్‌నే ఒప్పుకోవు. వాటి ముందు బీప్ కోసం కాచుక్కూర్చోవడం వృథా.

రెండోది రెక్కలు. కాలిబ్రేషన్ అంటే థ్రాటిల్ పూర్తిగా పైకి పెట్టి బ్యాటరీ తగిలించడం. సగటు ఎఫ్450కి కట్టే ప్రొపెల్లర్ పది అంగుళాలు. అది నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే అంచు సెకనుకు 80 మీటర్ల వేగంతో కోస్తుంది. ఈఎస్‌సీ ఆ క్షణంలో కాలిబ్రేషన్‌లోకి వెళ్లిందా, నేరుగా పూర్తి వేగంలోకి వెళ్లిందా అన్నది బీప్ వినేదాకా తెలియదు. వారానికి నాలుగుసార్లు ఇదే పని చేసే కుర్రాడు అయిదోసారి రెక్కలు విప్పడానికి బద్ధకిస్తాడు.

కాలేజీ ల్యాబుల్లో పంచే డ్రోన్ సూచనల కాగితం ఈఎస్‌సీ కాలిబ్రేషన్‌తో మొదలు కాకూడదు. మొదటి గడిలో ‘సిగ్నల్ ఏది? పీడబ్ల్యూఎమా, డీషాటా?’ అని ఉండాలి. డీషాట్ అని రాసినవాడు కాలిబ్రేషన్ పేజీ మీద పెన్నుతో అడ్డగీత కొట్టి, మోటార్లు ఒక్కొక్కటిగా తిప్పి చూసే పేజీకి వెళ్లాలి. పీడబ్ల్యూఎం అని రాసినవాడు నాలుగు ప్రొపెల్లర్లూ విప్పి ల్యాబ్ అసిస్టెంట్ బల్ల మీద పెట్టాలి. ఫ్లైట్ కంట్రోలర్ ద్వారానే, ఒకేసారి నాలుగింటికీ, ఒక్కసారి చేయాలి. రెండోసారి చేయాలనిపిస్తే ఎందుకో పక్క గడిలో రాయాలి. ఆ గడిలో ‘మోటారు వణుకుతోంది’ అని రాసిన ప్రతి కాగితాన్నీ, చేతికో సోల్డరింగ్ ఐరన్ ఇచ్చి, వెనక్కి పంపాలి.