నోట్లో తెల్లని వల

ప్రశ్న: నా వయస్సు 47. ఆర్నెల్లుగా రెండు బుగ్గల లోపలా వల అల్లినట్లు తెల్లని చారలు వున్నాయి. కారం తగిలితే భగ్గుమంటుంది. వేడి చేసిందని మజ్జిగ తాగాను, బి-కాంప్లెక్సు మాత్రలు మింగాను. తగ్గలేదు. నేను తాగిన గ్లాసు పిల్లల్ని ముట్టుకోనివ్వడం లేదు మా అత్తగారు. ఇది అంటువ్యాధా? కేన్సరా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి ఇది లైకెన్ ప్లేనస్ కావచ్చు. 1869లో ఇంగ్లండులో ఎరాస్మస్ విల్సన్ అనే వైద్యుడు వర్ణించిన వ్యాధి. నడివయస్సు స్త్రీలలో ఎక్కువ. ఇది అంటదు. మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

రక్తంలోని తెల్లకణాలు మనకు కాపలాదార్లు. వాటిలో 'టి' లింఫోసైట్లనేవి వైరస్ దూరిన కణాలను గుర్తుపట్టి చంపుతాయి. ఈ వ్యాధిలో అవి బుగ్గ లోపలి పొరనే శత్రువనుకుని, దాని అడుగు వరుస కణాలమీద పడతాయి. కంచే చేను మేసినట్లన్నమాట! దెబ్బతిన్న పొర మందమైనచోట తెల్లచారలు. పలచబడి చిట్లినచోట ఎర్రని పుండు, మంట. ఇక్కడ రోగనిరోధక శక్తి తగ్గలేదు, గురి తప్పింది. కాబట్టి బలానికని టానిక్కులు తాగడం డబ్బు దండగ.

కొన్ని రక్తపోటు మాత్రలు, నొప్పి మాత్రలు, పంటిలో నింపిన వెండిరంగు సిమెంటు కూడా ఇలాంటి మచ్చలే తెస్తాయి. మీరు వాడే మందులన్నీ దంతవైద్యునికి చూపించండి. మీ అంతట మీరు మానవద్దు.

మంట లేకపోతే మందే అక్కరలేదు. మంట వుంటే స్టెరాయిడ్ పేస్టు రాస్తారు. ఆ చోటు తడి అద్ది, భోజనమయ్యాక, పడుకోబోయేముందు పూసి, అరగంట ఏమీ తినకూడదు. వ్యాధి సమూలంగా పోదు, అణిగి వుంటుంది. షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి పూస్తే నోట్లో బూజు పుడుతుంది. ఆవకాయ, పచ్చిమిరప కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మెత్తని బ్రష్షు వాడండి.

ఇది కేన్సరు కాదు. అయితే ఏళ్ళ మీద నూటికి సుమారు ఒకరిలో కేన్సరుగా మారవచ్చు. అందుకే ఒకసారి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి, ఆపైన ఆర్నెల్లకోసారి నోరు చూపించుకోవాలి. జర్దా, వక్కపొడి అలవాటుంటే ఈరోజే మానండి. మూడు వారాలకూ మానని పుండు గానీ, గట్టి గడ్డ గానీ కనిపిస్తే ఆర్నెల్లు ఆగవద్దు.