బండి వెనుక బండి – నడుమ సైకిళ్లు



సెలవులు సమీపించినతోడనే మన యిండ్లలో మూటలు కట్టు సంరంభము మొదలగును. పచ్చడి జాడీలను, పడక బట్టలను, పిల్లల దుస్తులను సర్దు నేర్పు గృహిణులకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని యీనాటి ప్రయాణములలో మరియొక సామాను చేరినది. అది పిల్లల సైకిలు. హైదరాబాదు నుండి సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో అమ్మమ్మగారి యింటికి పోవు పిల్లలు తమ సైకిళ్లు కూడ రావలసినదేయని పట్టుపట్టుదురు. పట్టణపు వీథులలో త్రొక్కుటకు చోటులేని బాలిక పల్లెబాటపై నాలుగు దినములు స్వేచ్ఛగా తిరుగవలెనని కోరుట న్యాయమే. ఆ కోరికను క్షేమముగా తీర్చు విధము నీ మాసమున ముచ్చటించుకొందము.

జీపు వంటి పెద్దబండ్లు నేడు అనేక కుటుంబములలో నున్నవి. కొన్నింటియందు నాలుగు చక్రములకును ఇంజను బలము చేరును. వెనుక కొక్కెమునకు చిన్న ట్రైలరును తగిలించి బియ్యపు బస్తాలను, వంటపాత్రలను తీసికొనిపోవువారును గలరు. ట్రైలరు వెనుక నుండగా సైకిళ్లను బండి తలుపునకు వ్రేలాడగట్టుట సులభముగ తోచును. నాలుగు చక్రములు లాగు బండికి ఈ బరువొక లెక్కయా యని మగవారు నవ్వవచ్చును. ఇక్కడనే పొరపాటున్నది. ఆ శక్తి బురదలోనుండి బండిని పైకి లాగుటకు పనికివచ్చును. బండిని ఆపుటకు గాని, తూకము తప్పకుండ నిలుపుటకు గాని అది యెంతమాత్రమును తోడ్పడదు.

ట్రైలరు మన ప్రాంతమునకు క్రొత్త గాదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప, ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు పచ్చని వరిపొలములైనవి. కోతల కాలమున ధాన్యము నింపిన ట్రాక్టరు ట్రైలర్లు మిర్యాలగూడ బియ్యపుమిల్లుల యెదుట బారులు తీరుట మన మెరిగినదే. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగ సాగును. అతివేగముగ పోవు కారులును, నెమ్మదిగ కదలు ట్రాక్టర్లును ఆ యొక్క బాటనే పంచుకొనుచున్నవి. 2014 డిసెంబరు 6వ తేదీన ఆ రహదారిపై, మునగాల సమీపమున ఆకుపాముల వద్ద, నందమూరి జానకిరామ్ గారి కారును ట్రాక్టరును ఢీకొనగా ఆయన మరణించిరి. వేగముగల బండియు, లాగుడు బండియు కలిసి నడచు బాటపై ఎంత జాగరూకత కావలెనో ఆ విషాదము మనకు జ్ఞాపకము చేయుచున్నది. అట్టి బాటపై మనమే ఒక ట్రైలరును లాగుకొని పోవునపుడు మన బాధ్యత రెట్టింపగును.

ఇక బరువు సంగతి. కావడి మోయువానిని చూచితిమిగదా! వెనుక కుండ బరువెక్కినచో ముందు కుండ పైకి లేచును. బండికిని అదే న్యాయము. ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు నడుమ రెండున్నర మీటర్ల దూరమున్నదనుకొందము. నాలుగు సైకిళ్లును, వానిని పట్టు చట్రమును కలిపి 60 కిలోలై, వెనుక ఇరుసునకు మీటరుంబావు వెనుకగా వ్రేలాడుచున్నవనుకొందము. అప్పుడు ముందు చక్రములపై 30 కిలోల భారము తగ్గి, వెనుక చక్రములపై 90 కిలోలు పడును. దీనికి తోడు ట్రైలరు ముక్కు ఆ యిరుసునకు మీటరు వెనుకనున్న కొక్కెముపై 50 కిలోల భారము మోపెనేని, ముందు మరి 20 తగ్గి, వెనుక మరి 70 పెరుగును. అనగా మనము వెనుక నుంచినది 110 కిలోలే యైనను, వెనుక కమానులు మోయునది 160 కిలోలు. ముందు చక్రములు తేలికయైనకొలది బండి స్టీరింగు మాట వినుట తగ్గును. దీపములు ఆకాశమును చూచి, ఎదుటి బండివారి కన్నులలో పడును.

కావున సైకిళ్ల నెక్కడ నుంచవలెను? మూడు తావులు గలవు.

మొదటిది బండి కప్పు. కప్పు ఎంత బరువు నోర్చునో బండితోడ వచ్చిన పుస్తకములో వ్రాసియుండును; చట్రము బరువును గూడ అందులోనే లెక్కించవలెను. సైకిలును నిలువుగ బిగించినచో బండి యెత్తు మూడు మీటర్లకు చేరవచ్చును. పెట్రోలు బంకు కప్పు, రైలుకట్ట క్రింది దారి, మన యింటి ముంగిటి వేపకొమ్మ, వీని నన్నింటిని డ్రైవరు మరువరాదు. ఎత్తెంతో చీటిపై వ్రాసి అద్దమువద్ద అంటించుట మంచిది.

రెండవది వెనుక తలుపు. ట్రైలరు లేనపుడు ఇది పనికివచ్చునుగాని, ఉన్నపుడు చిక్కులు కలిగించును. బండి మలుపు తిరుగునపుడు ట్రైలరు మూల ముందునకు వచ్చి సైకిలు చక్రమును నలిపివేయును. పొగగొట్టపు వేడికి టైరు పగులును. వెనుక దీపములును, నంబరు పలకయు సైకిళ్లచాటున మరుగగును.

మూడవది ట్రైలరే. మన పనికి ఇదియే ఉత్తమము. బియ్యపు బస్తాల వంటి బరువులను ట్రైలరు ఇరుసుపైన అడుగున పరచి, సైకిళ్లను ముందుగోడకు ఆనించి నిలువుగ కట్టవలెను. ట్రైలరు మొత్తము బరువులో ఇంచుమించు పదవవంతు కొక్కెముపై నుండుట మేలు. బరువంతయు తోక వైపునకు చేరినచో, వేగము హెచ్చినపుడు ట్రైలరు పాము వలె అటునిటు ఊగును. ఆ యూపు ముదిరినచో బండిని గూడ త్రిప్పివేయును. పాశ్చాత్యులు ట్రైలరు ముక్కుపైనే సైకిళ్లను నిలుపు చట్రములను వాడుచున్నారు. ఈ సాధనములకు పేరుపొందిన థూలే సంస్థ 1942లో స్వీడను దేశమున చేపలను పట్టు బోనులు చేయుటతో ఆరంభమైనదన్న వింత తెలిసికొనదగినది. అట్టి చట్రమును కొన్నను, దాని బరువును కొక్కెము లెక్కలో చేర్చుట మరువరాదు.

కట్టు విధమున గృహిణి నేర్పు చక్కగ పనికివచ్చును. చట్రములు రాసికొను తావుల పాతచీర పేలికలను చుట్టి, అంచులు వ్రేలాడకుండ కుట్టివేయవలెను. వ్రేలాడు గుడ్డ చక్రమునకు చిక్కును. పెడళ్లను లోనికి త్రిప్పవలెను. బుట్టలను, నీటిసీసాలను, గాలిపంపులను విప్పి బండిలో నుంచవలెను. పాత ట్యూబు రబ్బరు మెత్తకు మంచిదేగాని కట్టుటకు దానినే నమ్మరాదు, అది సాగును. బిగింపు పట్టీలనో, గట్టి నైలాను త్రాటినో రెండుచోట్ల బిగించి, బయలుదేరిన ఇరువది కిలోమీటర్లకు ఒకసారి ఆగి చూడవలెను. మొదటి కుదుపులకే కట్లు వదులగును.

బయలుదేరకముందు ఇంటియెదుటి మైదానమున బండిని మెల్లగా కుడికిని ఎడమకును పూర్తిగా త్రిప్పించి, దూరమున నిలిచి చూడుడు. ఎచ్చటనైనను తగులుచున్నచో అక్కడనే తెలియును. తరువాత నొకరు బ్రేకు త్రొక్కుచు, దీపములు వేయుచుండగా, మరియొకరు ట్రైలరు వెనుక దీపములన్నియు వెలుగుచున్నవో లేదో చూడవలెను. ట్రైలరు గూడ చట్టము దృష్టిలో మోటారు వాహనమే; దానికి రిజిస్ట్రేషను కావలెను. 2019 సవరణ ప్రకారము, అనుమతించిన మేరకు మించి ప్రక్కలకో, వెనుకకో, పైకో సామాను పొడుచుకొని వచ్చినచో 20,000 రూపాయల జుల్మానా గలదు.

దారిలో వేగము తగ్గింపుడు. బ్రేకులు లేని చిన్న ట్రైలరు ముందుబండిని నెట్టును గనుక, ఆగుటకు ఎక్కువ దూరము కావలెను. ఎదుటి బండికి రెట్టింపు ఎడముంచుట మేలు. దగ్గర దారియని రాంగురూటున పోనీయరాదు. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లిలో రెండేండ్ల కొకసారి జరుగు పెద్దగట్టు జాతరనాళ్లలో ఆ రహదారిపై జనసముద్రము గన్పించును. ఆ దినములలో ట్రైలరుతో ప్రయాణము మానుటయే తెలివి.

ముఖ్యమైన మాట మరియొకటి. సైకిళ్లను పట్టుకొని కూర్చుందురని పిల్లలను ట్రైలరులో నెక్కింపకుడు. పెండ్లిండ్లకును జాతరలకును ట్రాక్టరు ట్రైలరులో పోవు వాడుక మన పల్లెలలో నున్నదిగాని, వాడుక యున్నంత మాత్రమున అపాయము తగ్గదు. ట్రైలరు సామానునకే గాని మనుష్యులకు గాదు.

ఇన్నిటికి తీరిక లేనిచో సైకిళ్లను ముందురోజే సరకుల ఆటోలో పంపవచ్చును. లేదా బంధువుల యింట నున్న సైకిలునకు గాలి కొట్టించి యుంచుమని కబురు చేయవచ్చును. ఇంటిలో పొయ్యి ఆర్పితిమా, తాళము వేసితిమా యని చూచుకొనక మనము గడప దాటము. కట్లు, దీపములు, కొక్కెము సరిగనున్నవా యని అడుగుట కూడ ఆ వరుసలోనిదే. సమాధానము వచ్చువరకు బండి కదలరాదని చెప్పు అధికారము గృహిణికి గలదు. ఆలస్యమైనదని ఎవరైన విసిగికొన్నను విసిగికొననిండు. పదినిమిషములు ఆలస్యముగ చేరిన మనుమరాలిని ఏ అమ్మమ్మయు కోపించదు.