డీజిలు మోటారుసైకిలు రైతునకు గిట్టునా?

పాత డీజిలు బుల్లెట్టు దొరకినచో కొనుట మేలని తలంచు రైతులు వరంగల్లు పల్లెలలో నేటికిని గలరు. ఆ యాస నిరాధారము గాదు. 1990 దశకమున ఎన్‌ఫీల్డువారు ‘టారస్’ అను బండిని విక్రయించిరి. ఇంజను 325 సి.సి.; బలము 6.5 గుర్రములు మాత్రమే. అయినను లీటరుకు సుమారు 70 కిలోమీటర్లు నడచెడిది. నాటి పెట్రోలు బుల్లెట్టునకు ఇది దాదాపు రెట్టింపు. పాలక్యానులు మోయువారు దానిని మెచ్చుట వింత గాదు.

దోషములును చిన్నవి గావు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని మిక్కిలి గట్టిగా నదిమి, ఆ వేడిమిచేతనే చమురు నంటింతురు. ఆ యొత్తిడిని తాళుటకు ఇంజను దళసరిగా నుండవలెను. కావున బండి బరువెక్కును, వేగము తగ్గును, చేతులు తిమ్మిరెక్కునంతగా నదరును. బావిగట్టున బిగించిన పంపు ఇంజనునకు బరువు దోషము గాదు. రెండు చక్రముల బండికి నదియే శాపము. ఇక పొగ సంగతి చెప్పనేల? కాలుష్య నిబంధనలు బిగియగా 2000 ప్రాంతమున దాని తయారీ నిలిచెను.

లెక్క చూతము. నేటి చిన్న పెట్రోలుబండ్లును లీటరుకు 60, 70 కిలోమీటర్లు నడచుచున్నవి. డీజిలు లీటరుకు 12 రూపాయలు చౌక యనుకొన్నను, ఏడాదికి 7000 కిలోమీటర్లు తిరుగువానికి మిగులునది 1200 రూపాయలే. ఇంజెక్షను పంపు ఒక్కసారి చెడినచో నదియు హరించును. 15 ఏండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. పంపు ఇంజనును పాతబండికి బిగింపనెంచువారు రవాణా అధికారుల యనుమతి పొందక తప్పదు. పంటకై సంఘమిచ్చిన అప్పును ఇట్టి బండికి మళ్లించుటను మేము సమ్మతింపజాలము.