కాలువలో బోటుకి లైసెన్సు, కట్ట మీద మనిషికి నోటీసు

బెజవాడలో కాలువలు మూడు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. మూడింటి కట్టల మీదా మనవాళ్లే ఉన్నారు. పల్లెలో సెంటు భూమి లేక, పని దొరక్క పట్నం వచ్చి కట్ట మీద ఇంత పాక వేసుకున్న మాలలు, మాదిగలు, యానాదులు, వాళ్ల పక్కనే బీసీ కులాల పేదలు. తెల్లారేసరికి ఈ ఊరి చెత్త ఎత్తేది వీళ్లు. అపార్టుమెంట్లలో అంట్లు తోమేది వీళ్లు. అయినా ఈ పట్నానికి అందం గుర్తొచ్చినప్పుడల్లా కంటికి నలుసయ్యేదీ వీళ్ల పాకలే. పుష్కరాలొస్తే అందం, రాజధాని వస్తే అందం, పెద్దమనిషెవరైనా కారులో పోతుంటే అందం.

ఇప్పుడా అందం బోటెక్కి వస్తానంటోంది. కాలువలు బాగుచేసి బోట్లు తిప్పాలి, ఒడ్డున పార్కులు పెట్టాలి అనేది పాలకులు మారినా మారని మాట. నదిలో భవానీ ద్వీపానికి బోట్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. బోట్లు అద్దెకి తిప్పే వ్యాపారానికి గట్టి రూల్సు ఉండాలని చదువుకున్నవాళ్లంతా అంటున్నారు. మేమూ అదే అంటున్నాం. ఇంకా గట్టిగా అంటున్నాం. కాని ఆ రూల్సు ఎవరి ముఖం చూసి రాస్తారన్నదే మా పేచీ. టికెట్టు కొన్నవాడి ముఖం చూసి రాస్తారు. టికెట్టు అమ్మేవాడి ముఖం చూసి సడలిస్తారు. ఒడ్డున ఉన్నవాడి ముఖం ఎవరూ చూడరు.

మన దగ్గర బోటు రూలు శవం లేచాకే లేస్తుంది. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వైపు పోతున్న ప్రైవేటు బోటు బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ బోటుకి అనుమతి లేదని మునిగాక తెలిసింది. మునగకముందు అది కనపడని బోటా? పట్టపగలు, పోలీసులూ అధికారులూ తిరిగే రేవుల్లోనే తిరిగింది. బోటు పర్మిట్ ఒక శాఖది, నీళ్లు ఇంకో శాఖవి, విహారం మూడో శాఖది. ముగ్గురిలో ఎవణ్ణడిగినా మిగతా ఇద్దరి వైపు వేలు చూపిస్తాడు.

2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర మునిగిన బోటుకి కాగితాలున్నాయి. పర్మిట్ ఉంది, లైఫ్ జాకెట్లున్నాయి, వరదా ఉంది. వరదలో బోటుని ఆపే మనిషి మాత్రం లేడు. 26 మంది బతికారు, 50 మంది దాకా పోయారు. బతికినవాళ్లని లాగిందెవరు? దగ్గరి గిరిజన పల్లెల జనం. నాటు పడవలేసుకుని సుడిలోకి దూకారు. వాళ్లకే సర్టిఫికెట్టూ లేదు. మునిగిన బోటుని నెల దాటాక, అక్టోబరు 22న, పైకి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. పెద్ద పెద్ద యంత్రాంగాలు చేతులెత్తేసిన చోట తాళ్లు, లంగర్లు వేసి నీళ్లను చదివినవాళ్లు గెలిచారు. నీళ్ల విద్య ఎవరి దగ్గరుందో ఆ నెల రోజులూ దేశమంతా చూసింది. లైసెన్సు ఇచ్చే రోజున మాత్రం ఆ విద్యకి మార్కులుండవు. డిపాజిట్ ఎంత కడతావన్నదానికే మార్కులు.

లైసెన్సు ఉంటే చాలదనడానికి వడోదర కన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. 2024 జనవరి 18న హర్ణి చెరువులో బడిపిల్లల్ని విహారానికి తీసుకెళ్లిన పడవ తిరగబడింది. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ చెరువుని కాంట్రాక్టుకిచ్చింది ఎవరో కాదు, ఆ ఊరి మున్సిపల్ కార్పొరేషనే. మోయగలిగినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు వెయ్యలేదు. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎక్కించే పని మేమూ చేసేవాళ్లమే. ఆ ఇద్దరు టీచర్లని తలుచుకుంటే మా చేతులు చల్లబడతాయి. కాంట్రాక్టు రాసిచ్చి చెరువు వైపు తిరిగి చూడని కార్పొరేషన్ రూలు పెట్టినట్టా, రూలుని అమ్మినట్టా?

ఇంకో సంగతి. విహారం బోటు మునిగితే కమిటీ పడుతుంది, జీవో వస్తుంది. బతుకుతెరువు పడవ మునిగితే? 2018 మే 15న మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగి సుమారు 20 మంది పోయారు. సంతకీ పనులకీ వెళ్లి ఇంటికి తిరిగి పోతున్న ఆదివాసులు వాళ్లు. రెండు నెలలకి, జూలై 14న, పశువుల్లంక దగ్గర నాటు పడవ కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని బడిపిల్లలు గోదావరిలో కలిసిపోయారు. వంతెన పూర్తయితే వాళ్లు నడిచి ఇంటికి పోయేవాళ్లు. ఆ పిల్లలకి పడవ సరదా కాదు, బడికి దారి. ఏటేటా రేవు పాటలు పాడి లక్షలు గుంజే పంచాయతీలు, జిల్లా పరిషత్తులు ఆ పడవలో ఎన్ని జాకెట్లున్నాయని ఏనాడన్నా లెక్కపెట్టాయా? ఒకే నీళ్లు, ఒకే గాలి. టికెట్టు ధరని బట్టి ప్రాణానికి రూలు మారుతుందా? రెండు గ్లాసుల పద్ధతి హోటల్లోనే ఉందనుకున్నాం, రేవులోనూ ఉంది.

ఇక కట్ట మీద ఇంటి సంగతి. పేపర్లో ఎవరూ రాయరు కనక మేం రాయాలి.

ఇంటి ముందు రోడ్డు, ఇంటి వెనక కాలువ. మధ్యలో ఉన్న ఆ నాలుగు గజాల్లోనే వంట, పడక, పిల్లల చదువు. స్నానానికి వెనకపక్క నాలుగు కర్రలు పాతి పాత చీర చుడతారు. చీర మూడు వైపులే వస్తుంది. కాలువ వైపు కట్టరు, అటు మనుషులుండరు కనక. బట్టలుతికేది అక్కడే, గిన్నెలు కడిగేది అక్కడే, ముసలమ్మ చలికాలం ఎండకి కూచునేది అక్కడే. కాలువ వైపు వాళ్లకి పెరడు. ఆ పెరట్లోంచి అరగంటకోసారి ఇరవైమంది సెల్‌ఫోన్లు పట్టుకుని పాటలు పెట్టుకుని పోతుంటే ఆ ఇంటి ఆడపిల్ల ఏం చెయ్యాలి? తెల్లారకముందు స్నానం చెయ్యాలి, లేదంటే చీకటిపడేదాకా ఆగాలి. మా బళ్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు ఇట్లాంటి ఇళ్లనుంచే వస్తారు. వాళ్ల హాజరు పట్టీ మా చేతిలో ఉంటుంది. మరుగు లేని ఇల్లు ఆడపిల్ల చదువుని ఎట్లా తింటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ ఊళ్లోనే ఒక పెద్ద డాక్టరు గారి బంగళా పెరట్లోంచి టికెట్లు పెట్టి జనాన్ని నడిపిస్తామంటే ఊరుకుంటారా? కాలనీ సంఘం మీటింగు పెడుతుంది, లాయరు దిగుతాడు, కోర్టు స్టే ఇస్తుంది. ఇళ్ల మధ్య వ్యాపారమేమిటి, మోత ఏమిటి, రాత్రి ఎన్నింటిదాకా అని సవాలక్ష ప్రశ్నలడుగుతారు. అవన్నీ న్యాయమైన ప్రశ్నలే. కట్ట మీదవాళ్లు అడిగితే మాత్రం, అసలు నీ ఇల్లే ఆక్రమణ, నువ్వేంటి అడిగేది అంటారు. అంటే ఇల్లుండటానికీ, సిగ్గుండటానికీ కూడా పట్టా కావాలన్నమాట. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బొంబాయి పేవ్‌మెంట్ జనం గురించి చెప్తూ, బతుకుతెరువు హక్కు బతికే హక్కులో భాగమేనంది. బోట్ల ఫైలు తయారుచేసే ఆఫీసరు ఆ తీర్పు మీద ఎన్నిసార్లు టీ గ్లాసు పెట్టి ఉంటాడో.

కట్ట మీంచి జనాన్ని లేపిన చరిత్ర కూడా చూడండి. కాలువ పక్కన ప్రమాదం, మీ మేలు కోరే అంటూ ఎంతోమందిని జక్కంపూడి కాలనీకి తోలారు. పని ఇక్కడ, పడక అక్కడ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఆ వైపు ఇళ్లలోకే వచ్చింది. సింగ్‌నగర్ మొత్తం చెరువైపోయింది. కాలువ నుంచి కాపాడతామని తీసుకెళ్లి ఏటికి అప్పజెప్పినట్టయింది. నది అవతల ఉండవల్లి కరకట్ట మీద పెద్దల అతిథి గృహాలున్నాయి. అవీ నీటి ఒడ్డునే ఉన్నాయి. 2019 జూన్‌లో సర్కారు వాళ్లు కట్టుకున్న ప్రజావేదికనే కూల్చారు గాని, చాలా ప్రైవేటు భవనాల దగ్గర నోటీసులతోనే ఆగింది. మన పాకకి నోటీసుతో పాటే పొక్లెయిన్ వస్తుంది.

ఆ వరదలోనే బోటు వ్యాపారం అసలు రంగు బయటపడింది. వీధులే కాలువలైనప్పుడు మనిషిని బయటికి తేవడానికి ప్రైవేటు బోట్లవాళ్లు వేలకి వేలు అడిగారని పేపర్లన్నీ రాశాయి. డబ్బున్నవాడు దిగాడు, లేనివాడు డాబా మీద నిలబడి చేతులూపాడు. లోపలి సందుల్లో జనం పాలపాకెట్ కోసం రోజులు ఎదురుచూశారు. సర్కారు చివరికి ఎవర్ని పిలిచింది? సముద్రం ఒడ్డు జిల్లాల జాలర్లని, పడవలతో సహా. అదే వారంలో పై నుంచి కొట్టుకొచ్చిన ఇసుక బోట్లు ప్రకాశం బ్యారేజి గేట్లని గుద్దాయి. 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహంలో అంతంత బరువు బోట్లు! ఎవరి బోట్లో, ఎవడు వదిలాడో అని పార్టీలు నెలంతా తిట్టుకున్నాయి. కట్ట మీద పాక ఎవరిదో మాత్రం అందరికీ ఫోటోతో సహా తెలుసు.

నీళ్ల మీద మున్సిపాలిటీ కాగితాల సంగతి మనకి కొత్త కాదు. 1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానం, సర్కారు డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకి తెరవాలని. 1924లో మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని రాసుకుంది. ఆ కాగితం బీరువాలో నిద్రపోయింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటేసుకుని వెళ్లి దోసిలి పట్టేదాకా దానికి ప్రాణం రాలేదు. ఆ ఆగస్టులోనే మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. హైకోర్టులో తేలేసరికి 1937. కారంచేడులో 1985 జూలైలో నెత్తురు పారడానికి ముందు మాట నడిచిందీ మంచినీళ్ల చెరువు గట్టునే. గట్టున నిలబడ్డ మన మనిషి నోరు తెరవడమే ఈ దేశంలో నేరం. అందుకే బోట్ల రూల్సులో మా మాట కూడా రాయాలని అడుగుతున్నాం. దయగా చూడండి అని కాదు.

మా మాట ఏమిటంటే, ఇళ్ల పక్కన పారే కాలువలో బోటు తిప్పడానికి అనుమతి ఇచ్చేముందు ఆ కట్టవాళ్ల సభ ఆ కట్ట మీదే పెట్టాలి. కలెక్టరేటు ఏసీ గదిలో కాదు. ఏ వేళ నుంచి ఏ వేళకి తిప్పొచ్చో, ఏ మేర దాకా రావచ్చో, మైకులుండాలో వద్దో ఆ ఆడవాళ్లు చెప్పాలి. ముందు మరుగుదొడ్లు, స్నానాల గదులు కట్టించి, పిల్లలు జారిపడే చోట్ల కంచె వేసి, తర్వాత జెట్టీ కట్టాలి. బోట్లకోసం అద్దంలా మెరిపిస్తామంటున్న ఆ కాలువలోకి ఊరి మురుగంతా వదిలేది కట్టవాళ్లు కాదని కూడా గుర్తుంచుకుంటే మంచిది. అన్నట్టు, వేసవిలో కాలువ కట్టేస్తే బోటు ఎక్కడ తిప్పుతారో, నీళ్లు నిలవబెడితే దోమలు ఎవర్ని కుడతాయో కూడా ప్రణాళికలో రాయాలి.

లైసెన్సు ఎవరికన్నది అంతకన్నా ముఖ్యం. పడవ మాదని మేం అనడం లేదు. తెడ్డు, గెడ జాలరి అన్నలవి. ఈ కాలువల్లో సరుకు పడవలు నడిచిన రోజుల్లో కట్ట మీద తాడు పట్టి లాగిన పేదోళ్ల భుజాలకి మాత్రం కాయలు కాశాయి. 1855లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ కాలువల మట్టి తీసిందీ, పూడిక ఎత్తిందీ ఏ కులాలో చెప్పక్కర్లేదు. టెండరు పెట్టి, లక్షల డిపాజిట్ అడిగితే అది కొనేది ఎవడో అందరికీ తెలుసు. మనవాడు అందులో జీతానికి సరంగవుతాడు, బోటు మునిగితే ముందు జైలుకి పోతాడు. 1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం తెచ్చారు. ఇంజను లేని పడవల వ్యవహారం స్థానిక సంస్థలకి అప్పగించే దారి అందులో ఉంది. ఆ దారినే జాలర్ల సొసైటీలకి, కట్ట యువకుల సంఘాలకి డిపాజిట్ లేకుండా మొదటి హక్కు ఇవ్వండి. ఈత పరీక్ష పెట్టండి, గాలి చూసి పడవ ఆపగలడా అని పరీక్ష పెట్టండి. డిగ్రీ, బ్యాంకు బ్యాలెన్సు పరీక్ష వద్దు. జాకెట్టు లేకుండా పడవ కదలకూడదనే రూలు విహారానికీ, రేవుకీ ఒక్కటిగా పెట్టండి. తప్పు చేస్తే మనవాడి లైసెన్సయినా సరే రద్దు చెయ్యండి, మేం అడ్డం రాం.

ఇవన్నీ అర్జీగా రాశాం. సోమవారం గ్రీవెన్స్‌లో కమిషనర్‌కి ఇస్తాం. అంతకు ముందు ఆదివారం పొద్దున్నే ఏలూరు కాలువ కట్ట మీద మొదటి పాక దగ్గర్నుంచి సంతకాలు మొదలుపెడుతున్నాం. ఆడవాళ్లు పనుల్లోకి పోకముందే రావాలి కనక ఆరింటికే వస్తున్నాం. సంతకం రానివాళ్ల వేలిముద్రకి ఇంకు ప్యాడ్ మేమే తెస్తాం.